ఎలపటి పక్క

చిత్తూరు,
ఆగస్టు 11

తమ్ముడు ధనుంజయకు అక్క దీవెనలు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను. విన్నానంటే నమ్మానని కాదు. ముప్పై నాలుగేళ్లు కోర్టులో కూర్చుని సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసినదాన్ని, రిటైరయ్యాక కూడా నోటరీ ఆఫీసులో అదే టైపు పని చేస్తున్నదాన్ని. నోటితో చెప్పినవాడు మర్నాడు ‘నేనట్లా అనలేదే’ అంటాడు. అందుకని నా కుక్క డఫేదారు గురించి నువ్వు ఏం చెప్పాలనుకున్నా ఇకనుంచి కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి పంపు. ఫోన్ చేస్తే పెట్టేస్తాను.

మన ఒప్పందం ఒకసారి గుర్తు చేస్తాను. జూలైలో మా వీధి చివర కాలువ దగ్గర నేను పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కుక్క లాగి పడేసిందని వీధంతా ఒక్కటై, దాన్ని పంపించెయ్యమంది. కట్టు విప్పేదాకా నీ దగ్గర ఉంచుకుంటానన్నావు. పూల వ్యానులో తిరుచానూరుకు పంపాను. ఉంచుకోమన్నాను గాని బండికి కట్టమనలేదు.

స్కూటర్ లాగిస్తున్నానన్నావు. ఏ స్కూటర్? పెట్రోలు అయిపోయినదా? ఎవరిది? రెండేళ్లుగా నా పక్కన, జడ్జిగారి పక్కన నడిచే డఫేదారంత దర్జాగా నడిచాడని ఆ పేరు పెట్టుకున్నాను. వాణ్ణి నువ్వు జట్కా గుర్రాన్ని చేశావా? ఎండలో తారు రోడ్డు మీద పరుగెత్తిస్తున్నావా? మీ లాడ్జిలో దిగే యాత్రికుల్ని ఎక్కించి తిప్పుతున్నావా? నిన్న నీ గొంతులో ఒక నవ్వు వినిపించింది. చిన్నప్పుడు నా పలక పగలగొట్టి గడ్డివాములో దాచినప్పుడు కూడా అదే నవ్వు నవ్వావు.

వివరంగా రాయి.

అక్క,
ఉదయలక్ష్మి


తిరుచానూరు,
ఆగస్టు 17

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అమలకు చదివి వినిపించాను. “మీ అక్క రాసినట్టు లేదు, కోర్టు సమన్లు వచ్చినట్టుండాది” అంది నా పెళ్లాం. సరే, తేదీ వేశాను. సంతకం కింద ఉంది.

స్కూటర్ పెట్రోలుది కాదు. పలక మీద నిలబడి, ఒక కాలితో నేలను తోసుకుంటూ పోయేది. పెద్దవాళ్లు తొక్కేది, ముందు చక్రం సైకిలు చక్రమంత ఉంటుంది. మూడేళ్ల కిందట బెంగళూరు ఆయన ఎవరో మా లాడ్జిలో దిగి, పోతూ దీన్ని మరిచిపోయాడు. మేనేజర్‌గా నేనే రెండుసార్లు ఫోన్ చేశాను. వస్తానన్నాడు, రాలేదు. కుక్కకు పట్టీ కట్టి ఇట్లాంటి బండి లాగించడం కొన్ని దేశాల్లో ఆటట. వీడియోలు చూశాను. కుక్కకూ కసరత్తు, మనిషికీ కసరత్తు. నా పొట్ట సంగతి నీకు తెలియనిది కాదు.

అసలు కారణం వేరే. డఫేదారు వచ్చిన రోజునుంచి గేటు దగ్గర పడుకుని, చిత్తూరు బస్సులు పోయే దిక్కే చూస్తున్నాడు. అన్నం సరిగ్గా ముట్టలేదు. ఏదో ఒక పని పెడితే తప్ప తేరుకోడనిపించింది.

పద్ధతిగానే చేస్తున్నాను. చెప్పులు కుట్టే మురుగేష్ చేత పాత కారు సీటు బెల్టులతో ఛాతీ పట్టీ కుట్టించాను. మెడకు ఏమీ తగలదు. “ఏం సామీ, కుక్కకు కాడి కడతా ఉండావా” అని ఆయన నవ్వాడు. వారం రోజులు ఊరికే పట్టీ వేసి తిప్పాను. తర్వాత వెనక ఖాళీ నీళ్ల క్యాను కట్టి, ఆ చప్పుడుకు బెదరకుండా అలవాటు చేశాను. ఇప్పుడు బండి పక్కన నడిపిస్తున్నాను. స్వర్ణముఖి గట్టు మీద మట్టి దారిలో, పొద్దున ఆరు గంటలకు, పది నిమిషాలు. ఎవర్నీ ఎక్కించలేదు. నేనూ ఇంకా ఎక్కలేదు.

మాటలు మటుకు నాయన ఎడ్లకు చెప్పినవే. పొమ్మంటే ‘హై’, ఎడమకు ‘దాపట’, కుడికి ‘ఎలపట’, ఆగమంటే ‘ఓహో’. పూతలపట్టు నుంచి మామిడికాయల బండి తోలిన ఇంట్లో పుట్టి, కుక్కతో ఇంగ్లీషు మాట్లాడటానికి నాకు నోరు రాలేదు.

ఒక్కటే చిక్కు. వీడు లాగడం లేదు. తాడు కాస్త బిగిస్తే చాలు, ఆగిపోయి వెనక్కి తిరిగి చూస్తాడు. నిన్ను లాగి పడేసింది వీడేనా, లేక వ్యాను వాడు దారిలో కుక్కను మార్చాడా?

ఇంకొకటి. నీ ఉత్తరంలో వరసల చివర అక్షరాలు కొన్ని కాగితం మీద లేవు. ‘వాంగ్మూలాలు’లో ‘లు’ లేదు. మీ బల్ల మీద వెతుకు, అక్కడ పడి ఉంటుంది. అంత కోపంగా రాయకు.

నీ తమ్ముడు,
ధనుంజయ


చిత్తూరు,
ఆగస్టు 30

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ అనుమానాలు పెరిగాయి తప్ప తగ్గలేదు.

ఆ బెంగళూరు ఆయన పేరేమిటి? రేపు ఆయన వచ్చి నా బండి ఏదంటే ఏం చెబుతావు, కుక్క తీసుకుందని చెబుతావా? అన్నం సరిగ్గా ముట్టలేదని రాశావు. సరిగ్గా అంటే ఎంత? ఎన్ని రోజులు? ఆ సంగతి ఫోనులో ఎందుకు దాచావు? వాడికి రాగిసంగటి చల్లారాక మజ్జిగ పోసి పెట్టాలి. వేడిగా పెడితే మూతి తిప్పుకుంటాడు. అమలకు చెప్పు. మజ్జిగ మరీ పులిసింది కాకూడదు.

కుక్కను మార్చాడా అని నువ్వు నవ్వులాటకు రాశావు. ఆ మాట నాలుగు రోజులు నా మనసులో తిరిగింది. వాడి ఎడమ చెవి కొస చీలి ఉందా? తోక చివర తెల్ల వెంట్రుకలు ఉన్నాయా? ఒక ఫోటో తీయించి పోస్టులో పంపు. సెల్లుకు పంపవద్దు, ఆ చిన్న అద్దంలో చూస్తే నాకు తృప్తిగా ఉండదు.

అక్షరాలు పోయాయని వెక్కిరించావు. కట్టు కట్టిన చేత్తో కాగితం అదిమి పట్టుకోవడం కుదరడం లేదు. అంతే.

యాత్రికుల్ని ఎక్కించలేదని రాశావు. ఆ వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను.

ఉదయలక్ష్మి


తిరుచానూరు,
సెప్టెంబరు 14

అక్కకు,

ఫోటో ఇందులో పెట్టాను. చెవి చీలిక చూసుకో, తోక చూసుకో. నీ కుక్కే. కాకపోతే ఇన్ని తిప్పలు పెట్టేది కాదు.

సంగటి, మజ్జిగ మాట నిజమే. నువ్వు రాసినట్టు పెడితే గిన్నె నాకేశాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఒక నెల మిగిలేది.

బండి సంగతి. లాగేటప్పుడు కుక్క ముందు ఉండాలి. వీడు ముందుకు పోడు. ఎంత పంపినా తిరిగి వచ్చి నా కుడి కాలు పక్కన నిలబడతాడు. ఎడమ పక్కన కడితే తాడు చుట్టుకుని మరీ కుడికి వస్తాడు. వచ్చి, ఒళ్లంతా నా కాలికి ఆనించి ఎడమకు తోస్తాడు. కుడి పక్క గుంత ఉన్నా, కరెంటు స్తంభం ఉన్నా, ఆగి ఉన్న ఆటో ఉన్నా ఇదే వరస. కల్వర్టు వస్తే ఇక చెప్పనక్కర్లేదు, అడ్డంగా నిలబడిపోతాడు. నేను చూసి, మెల్లగా దిగి, ‘పోదాం’ అంటే గాని కదలడు. ఇదంతా ఎవరు నేర్పారు? నువ్వా?

ఇంత జాగ్రత్త మనిషి, కుక్కే అనుకో, నిన్ను కాలువలోకి ఎట్లా లాగాడో నాకు బోధపడటం లేదు. ఆ రోజు ఏం జరిగిందో రాయి. వాడి తప్పు ఏమిటో తెలిస్తే దిద్దుతాను.

ధనుంజయ


చిత్తూరు,
సెప్టెంబరు 27

తమ్ముడికి,

ఫోటో భూతద్దం పెట్టి చూశాను. కుక్క నాదే, సందేహం లేదు. మిగతావన్నీ సందేహాలే.

బండి మీద ఎవరో పరాయి మనిషి నిలబడి ఉన్నాడు. చారల చొక్కా, మెడలో తువ్వాలు. నువ్వు ఫోటోలో లేనేలేవు. నా కుక్కను పరాయివాళ్ల చేతికిచ్చి నువ్వు యాడికి పోయినావు? యాత్రికుల్ని ఎక్కించలేదన్న వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నానని రాశాను. ఇప్పుడు దానికేం చెబుతావు? వాడి ముందు కాలి మోచేతి దగ్గర ఒక చెక్కు కూడా కనిపిస్తున్నది. అది ఎట్లా వచ్చింది? దాన్ని గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

నా కట్టు విప్పారు. వేళ్లు కదులుతున్నాయి. కాబట్టి ఒప్పందం ప్రకారం దసరా లోపల డఫేదారును పంపించు. ఆ పూల వ్యానులోనే పంపు. కిటికీ తెరిచి ఉంచమను.

నేను లేనప్పుడు వాడికి కొత్త అలవాట్లు చేస్తే ఊరుకోను. వాడు నాకు ఎట్లా ఉన్నవాడు అట్లాగే కావాలి.

ఉదయలక్ష్మి


తిరుచానూరు,
అక్టోబరు 13

అక్కకు,

నేను నేరం ఒప్పుకుంటున్నాను. సెప్టెంబరు మొదట్లో పడ్డాం. కల్వర్టు దగ్గర వాడు ఆగాడు, బండి ఆగలేదు. వాడికి మోచేయి చెక్కుకుంది, నాకు ముందు పన్ను కొస విరిగింది. పది రోజులు బండి తీయలేదు. నువ్వు భయపడతావని రాయలేదు. ఫోటోలో బండి మీద ఉన్నది మురుగేష్, పట్టీ కుట్టినాయన. బిగువు సరిపోయిందో లేదో చూడటానికి ఎక్కాడు. నేను ఫోటోలో లేనన్నావు. సరే.

ఇప్పుడు మంచి మాట. వాడు లాగాడు.

వాడితో పాటు నువ్వు పంపిన నగరి నేత చీర ఉంది కదా, వాడు పడుకునే పాత చీర. దాన్ని పట్టుకుని అమలను గట్టు మీద రెండు వందల అడుగుల దూరంలో నిలబెట్టాను. గాలి అటునుంచి ఇటు వీస్తున్నది. వాడు ముక్కు ఎత్తాడు. ‘హై’ అన్నాను. తాడు బిగిసింది, బండి కదిలింది, నేను కాలు నేల మీదనుంచి తీసేశాను. అక్కా, చక్రాల కింద మట్టి బుసబుసమంటుంటే, వాడి చెవులు రెండూ వెనక్కి పడి, నా చొక్కా గాలికి ఉబ్బి, యాభై నాలుగేళ్ల వయసులో నేను గట్టిగా నవ్వాను. బట్టలు ఉతికేవాళ్లంతా లేచి నిలబడి చూశారు. ఇప్పుడు చీర లేకుండానే లాగుతున్నాడు. దాపట, ఎలపట రెండూ వచ్చేశాయి. రోజూ పావుగంట, ఎండ రాకముందే. నా షుగరు కూడా తగ్గింది.

పంపించే మాట. వచ్చే నెలాఖరుకు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, లాడ్జి మొత్తం ముందే నిండిపోయింది, నాకు తీరిక లేదు. ఆఖరి రోజు పంచమి తీర్థం అయ్యాక చూద్దాం.

పైన మరక కాఫీది, తుడిచినా పోలేదు. ఆ రోజు కాలువ దగ్గర ఏం జరిగిందని అడిగాను. జవాబు రాలేదు. మళ్లీ అడుగుతున్నాను.

ధనుంజయ

(కుడి అంచున, నిలువుగా, ఎర్ర సిరాతో)
అక్కా, మూడు రోజులుగా డఫేదారు కనబడడం లేదు. ఊరంతా వెతుకుతున్నాం.


చిత్తూరు,
అక్టోబరు 25

తమ్ముడికి,

నీ ఉత్తరం ఒక్క అక్షరం విడిచిపెట్టకుండా చదివాను. నన్ను మభ్యపెట్టడం నీ వల్ల కాదు.

మరక కాఫీది కాదు, బండి చక్రాలకు వేసే నూనెది. వాసన చూశాను. పడ్డ సంగతి నెల రోజులు దాచినవాడివి, ఇంకెన్ని దాచావో ఎవరికి తెలుసు. ఇక బ్రహ్మోత్సవాలట. కుక్కకూ బ్రహ్మోత్సవాలకూ ఏం సంబంధం? వాడేమన్నా వాహనం మోస్తాడా? వ్యాను వాడికి అప్పగించడానికి అయిదు నిమిషాలు పట్టదు. నిజం చెప్పు, వాణ్ణి నీ దగ్గరే పెట్టుకోవాలని చూస్తున్నావు. ఆ ఉత్తరం నిండా నీ సంతోషమే ఉంది. నీ నవ్వు, నీ చొక్కా, నీ షుగరు. నా కుక్క నీకు మందు అయ్యాడు, అందుకే పంపవు.

నా చీర ఎందుకు వాడావు? అది వాడు పడుకోవడానికి ఇచ్చాను, ఆశపెట్టి పరుగెత్తించడానికి కాదు. ఆ చోటు చదివినప్పుడు ఉత్తరం కాసేపు పక్కన పెట్టేశాను.

నువ్వు పంపకపోతే నేనే బస్సెక్కి వస్తాను. వచ్చే ఉత్తరంలో తేదీ రాయి. తేదీ తప్ప ఇంకేమీ రాయకు.

ఉదయలక్ష్మి


తిరుచానూరు,
నవంబరు 3

అక్కా,

ముందు ఇది చదువు. డఫేదారు క్షేమంగా ఉన్నాడు. ఇప్పుడు నా పాదాల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఎక్కడికీ పోలేదు.

ఇదెందుకు రాస్తున్నానో నీకు అర్థం కాదు. అదే నా భయం. నా పోయిన ఉత్తరం తీసి, కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకో. అప్పుడు కుడి అంచు ఎడమకు వస్తుంది. అక్కడ ఎర్ర సిరాతో ఒక మాట రాశాను. కావాలని రాసిన అబద్ధం. కాఫీ మరకను వాసన చూసినదానివి, నీ కుక్క తప్పిపోయాడన్న మాటకు ఒక్క ముక్క జవాబు రాయలేదు. నువ్వు దాన్ని చూడలేదు.

ఫోటోలో నేను లేనన్నావు. ఉన్నాను. బండికి కుడి పక్క, తాడు పట్టుకుని, పళ్లికిలించి నిలబడి ఉన్నాను. అప్పుడే నాకు అనుమానం తగిలింది. నీ ఉత్తరాలన్నీ తీసి పరిచాను. కట్టు విప్పాక రాసిన వాటిలో కూడా వరసల చివర అక్షరాలు లేవు. ఇంకొకటి కూడా చూశాను. వీధంతా అందని రాశావు గాని, ‘డఫేదారు నన్ను లాగాడు’ అని నీ చేత్తో ఒక్కచోట రాయలేదు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఆ ప్రశ్న దాటేశావు. కోర్టులో ఇట్లాంటి సాక్షిని ఏమంటారో నువ్వే చెప్పాలి.

మన మైలెద్దు గుర్తుందా? కుడి కన్ను పోయింది. అందరూ సంతలో అమ్మెయ్యమన్నారు. నాయన వినలేదు. “దీన్ని దాపట కట్టి, కర్రెద్దును ఎలపట కడితే సరిపోతాది. కానరాని పక్క జతగాడుంటే ఎద్దుకు బెదురుండదు” అన్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు అది చిత్తూరికి కాయలు మోసింది. నువ్వే దానికి మేత వేసేదానివి.

డఫేదారు ఎలపటి పక్క వదలడని, గుంత వస్తే ఎడమకు తోస్తాడని, కాలువ వస్తే అడ్డం నిలబడతాడని రాశాను. ఒక్క రోజులో వచ్చే అలవాటు కాదది. వాడికి ఎవరూ నేర్పలేదు, వాడే చూసి నేర్చుకున్నాడు.

అక్కా, నీకు కుడి పక్క కనబడడం లేదా? నేను ఫోన్ చేస్తే కాదంటావు. అందుకే రాస్తున్నాను. నువ్వు రాసిన మాట మీద నిలబడే మనిషివి.

ధనుంజయ


చిత్తూరు,
నవంబరు 19

ధనుంజయా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొదట కోపం వచ్చింది. సొంత అక్కకు వల పన్నావు. కాగితం తిప్పి ఆ ఎర్ర సిరా మాట చదివాను. క్షేమమని ముందే చదివినా, నీ ఉత్తరం మళ్లీ తీసి ఆ మొదటి మాట రెండుసార్లు చూసుకున్నాను. అది నాకు తగిన శాస్తే.

ఔను. కనబడదు. ఏడాదిన్నర అయింది. కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమ కంటికి కూడా కుడి వైపు మసక. మొదట తలుపు రెక్కలు తగిలేవి. తర్వాత మనుషులు తగిలేవారు. కూరల అంగడి ఆమె ఒక రోజు “ఏమ్మా, పిలస్తా ఉంటే పలకవే, గర్వమా” అంది. గర్వమనే అనుకోనిచ్చాను.

డఫేదారు నాకంటే ముందు కనిపెట్టాడు. ఎప్పుడు కుడి పక్కకు మారాడో కూడా నేను గమనించలేదు. ఆ రోజు కాలువ దగ్గర ఆగి అడ్డంగా నిలబడ్డాడు. నోటరీ ఆఫీసుకు పొద్దుపోతున్నదని నేను విసుక్కున్నాను. గొలుసు పట్టి గుంజి, వాణ్ణి దాటుకుని అడుగు వేశాను. అక్కడ కాలువ మీద కప్పిన బండ తీసేసి ఉంది. వాడు నన్ను లాగలేదు, నేను వాణ్ణి లాగాను.

ఎదురింటి చెంగయ్య పరుగెత్తుకుంటూ వచ్చి, “ఏమైందక్కా, కుక్క లాగి పడేసిందా?” అన్నాడు. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగితే ఆ సాక్ష్యం చెల్లదని జడ్జీలు అనడం వందసార్లు విన్నాను, వందసార్లు టైపు చేశాను. ఆ నేనే ‘ఔ’ అన్నాను. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం పట్టుకుని వీధంతా వాణ్ణి ముద్దాయిని చేసింది. ఇంట్లోనుంచి పంపేదాకా ఊరుకోలేదు. ఆడలేక మద్దెల ఓడంటే నలుగురూ నవ్వుతారు. నా మాట మటుకు అందరూ నమ్మారు.

ఎందుకన్నానో కూడా రాస్తాను. కళ్లు కనబడవని తెలిస్తే నోటరీ ఆఫీసులో నా బల్ల పోతుంది. తప్పు లేకుండా టైపు చేస్తుందన్న పేరు తప్ప నాకు ఈ ఊళ్లో ఇంకేమీ లేదు. భయపడ్డాను. కుక్కకు నోరు లేదు కదా, వాడి మీద పెడితే ఎవరికేం నష్టమనుకున్నాను. వ్యానులోకి ఎక్కించేటప్పుడు కూడా వాడు నా చుట్టూ తిరిగి కుడి పక్కకే వచ్చి నిలబడ్డాడు. అది చూసి కూడా ఎక్కించాను.

నిన్ను ఇన్ని ప్రశ్నలు వేశాను. తప్పు చేసినవాళ్లకు లోకమంతా దొంగలే. వాణ్ణి నువ్వు కష్టపెడుతున్నావని తేలితే నా తప్పు కొంత తగ్గుతుందని కూడా లోపల ఎక్కడో ఉండేదేమో. వాడు నా చీర వాసనకు పరుగెత్తాడని రాశావే, అది భరించలేకపోయాను.

వాణ్ణి నీ దగ్గరే ఉంచుకో. నీ దగ్గర సంతోషంగా ఉన్నాడు. తిరిగి అడిగే హక్కు నాకు లేదు.

ఉదయలక్ష్మి


తిరుచానూరు,
నవంబరు 25

అక్కా,

పంచమి తీర్థం అయిన తర్వాత వచ్చే సోమవారం, పూల వ్యానులో ఇద్దరం వస్తున్నాం. తొమ్మిదికల్లా దిగుతాం. మొదట కంటి డాక్టరు, తర్వాత ఏ మాటలైనా.

హక్కు సంగతి నువ్వు తేల్చేది కాదు, నేను తేల్చేది కాదు. నిన్న గట్టు దిగి రోడ్డు కూడలికి వచ్చాం. ఇంటికి పోవాలంటే ఎడమకు తిరగాలి. ‘దాపట’ అన్నాను. వాడు కుడికి, చిత్తూరు బస్సులు పోయే వైపు తిరిగి నిలబడ్డాడు. మాట రాక కాదు, నెల రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు. మూడుసార్లు చెప్పాను. చివరికి నేనే దిగి బండి తిప్పుకున్నాను.

నువ్వు ఒక్క విషయంలో సరిగ్గానే అనుమానించావు. లాడ్జి, బ్రహ్మోత్సవాలు అన్నీ సాకులే. వాణ్ణి పంపాలంటే నాకు ఏడుపొస్తున్నది. అమల రోజూ చెబుతున్నది, “ఇచ్చేసి రాప్పా, ఆయమ్మకు వాడే గదా ఉండేది” అని.

ఈ ఉత్తరంలో కుడి అంచున ఏమీ రాయలేదు. వెతకవద్దు.

ధనుంజయ


చిత్తూరు,
డిసెంబరు 22

తమ్ముడు ధనుంజయకు అక్క దీవెనలు.

నువ్వు కొనిచ్చిన చుక్కల మందు పూటకు తప్పకుండా వేసుకుంటున్నాను. పోయిన చూపు రాదని, ఉన్నది నిలబెట్టుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు గోడ వైపు తిరిగావు. నేను చూశాను. నువ్వు నా ఎడమ పక్కన ఉన్నావు.

నోటరీకి చెప్పాను. చూద్దామన్నాడు. ఏం చూస్తాడో తెలియదు. ఈ ఉత్తరం మటుకు కాగితాన్ని సగానికి మడిచి, మడత మీద స్కేలు పెట్టుకుని రాశాను. ఒక్క అక్షరం కూడా బల్ల మీద పడలేదు, చూసుకో.

నువ్వు వెళ్లిన మర్నాడు డఫేదారును తీసుకుని వీధిలోకి వచ్చాను. పూలమ్మే ఆనందమ్మ, ఇంకో నలుగురు అక్కడే ఉన్నారు. చెంగయ్య గేటు దగ్గరనుంచే, “మళ్లా తెచ్చుకున్నావా అక్కా? ఇంకోసారి లాగి పడేస్తాడేమో సూడు” అన్నాడు. మళ్లీ అదే రకం ప్రశ్న. ఈసారి నిలబడి, అందరికీ వినబడేటట్టు చెప్పాను.

“ఆ పొద్దు వాడు లాగలా చెంగయ్యా. నేనే వాణ్ణి లాగినాను. నాకు కుడి పక్క కానరాదు.”

ఆనందమ్మ మూర కట్టడం ఆపి నా మొహం చూసింది. చెంగయ్య తల గోక్కుని లోపలికి వెళ్లిపోయాడు. నేను కాలువ దాకా నడిచాను.

ఆదివారం బండి తీసుకుని రా. పట్టీ కొక్కేనికి తగిలించి ఉంచాను. అది చూసినప్పుడల్లా వాడు తోక ఊపి, నా మొహం చూసి, మళ్లీ పడుకుంటాడు. నీవా నది పక్కన మట్టి దారి ఉంది. మీరిద్దరూ లాక్కోండి, నేను గట్టు మీద కూర్చుంటాను. బెంగళూరు ఆయన వస్తే నేను మాట్లాడతాను.

ఇంకొక్క సంగతి. ఆ సాయంత్రం చూస్తే కాలువ మీద, బండ లేని చోట, ఎవరో కొత్త కడప రాతి పలక తెచ్చి పరిచారు. అంచులకు సిమెంటు కూడా పూశారు. ఎవరు వేశారో నేను అడగలేదు. డఫేదారు ఆ పలక దగ్గర ఇప్పటికీ ఆగుతాడు. వాడితో పాటు నేనూ ఆగుతాను.

అక్క,
ఉదయలక్ష్మి